జరగలేదన్న ధీమా

1942లో అమెరికా ప్రభుత్వం ఒక అల్పసంఖ్యాక వర్గానికి చెందిన కుటుంబాలను ఉన్న ఊళ్ళ నుంచి లేవదీసి ముక్కూమొహం తెలియని చోట్లకు తరలించింది. దేశభద్రత కోసమంది, పైగా వాళ్ళ మంచికేనంది. ఇది చరిత్రా, కల్పనా అని అడిగితే రెండు జవాబులూ ఒప్పే. కల్పనలో ఆ కుటుంబాలు యూదులవి, ఊరు న్యూజెర్సీలోని నెవార్క్. చరిత్రలో ఆ కుటుంబాలు జపాన్ సంతతివి, ఊళ్ళు కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలవి. కల్పన చూసి ప్రపంచం ఒళ్ళు జలదరించిందని చెప్పుకుంది. చరిత్రను మాత్రం అమెరికా పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఒకటి రెండు పేరాలలో ముగించేశాయి.

కల్పన సంగతి ముందు. హెచ్‌బీఓ 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ‘ది ప్లాట్ అగెయిన్‌స్ట్ అమెరికా’ను ఆరు భాగాలుగా ప్రసారం చేసింది. ఫిలిప్ రాత్ 2004లో రాసిన నవలను డేవిడ్ సైమన్, ఎడ్ బర్న్స్ తెరకెక్కించారు. 1940 అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోయి చార్లెస్ లిండ్‌బర్గ్ గెలిచి ఉంటే? కథంతా ఈ ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. లిండ్‌బర్గ్ కల్పిత పాత్ర కాదు. 1927లో న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఒంటరిగా విమానం నడిపి అమెరికా ఆరాధ్యుడైన మనిషే. 1938లో హెర్మన్ గోరింగ్ చేతుల మీదుగా నాజీ ప్రభుత్వ పతకం అందుకున్నాడు. 1941 సెప్టెంబర్ 11న డెమాయిన్ నగర సభలో, దేశాన్ని యుద్ధంలోకి నెడుతున్నవారు బ్రిటిష్‌వారు, యూదులు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వమని వేలెత్తి చూపాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1939 ఫిబ్రవరిలో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో దాదాపు 20,000 మంది జార్జ్ వాషింగ్టన్ నిలువెత్తు చిత్రం కింద నాజీ వందనం చేశారు. రాత్ కొత్తగా చేర్చిన మందుగుండు ఏమీ లేదు. ఉన్నదాన్ని ఒక ఎన్నికల ఫలితం పక్కకు జరిపాడంతే.

ఆ సిరీస్‌లో వేధింపు బూటు చప్పుళ్ళతో రాదు. హెర్మన్ లెవిన్ ఒక బీమా కంపెనీ ఉద్యోగి. అతనికి కెంటకీ రాష్ట్రానికి బదిలీ ఉత్తర్వు వస్తుంది. యూదు కుటుంబాలను ‘అసలైన అమెరికా’లో కలిపే ‘హోమ్‌స్టెడ్ 42’ అనే పథకం అది. పథకానికి ఒక ప్రభుత్వ కార్యాలయం, ఒక కరపత్రం, ఖర్చులకు భత్యం, వద్దనుకుంటే రాజీనామా చేసుకునే వీలు అన్నీ ఉంటాయి. యూదు పిల్లలను వేసవిలో పొగాకు తోటల్లోని రైతుల ఇళ్ళకు పంపే మరో పథకమూ ఉంటుంది. పెద్దకొడుకు వెళ్ళి, ఎండకు నల్లబడి, బలిసి, తల్లిదండ్రుల మీద చిన్నచూపుతో తిరిగొస్తాడు. ఈ పథకాలకు ప్రచారకర్త ఒక రబ్బీ. గౌరవనీయుడు, వాక్చాతుర్యం ఉన్నవాడు, పాలకుల భోజనాల బల్ల దగ్గర కుర్చీ దొరికిందన్న సంతోషంతో కళ్ళు మూసుకున్నవాడు. గొడ్డలికి కామ ఆ అడవి కర్రే కావాలి కదా. బదిలీకి ఒప్పుకుని వెళ్ళిన పక్కింటి విధవరాలు ఆ కొత్త ఊరి దారిలో అల్లరిమూకల చేతిలో చనిపోతుంది. ఏ చట్టమూ ఆమెను చంపమనలేదు. ఆమెను ఒంటరిని చేసే ఏర్పాటు మాత్రం చట్టమే చేసింది.

ఇప్పుడు చరిత్ర. 1942 ఫిబ్రవరి 19న 9066 నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వు మీద సంతకం పడింది. జపాన్ సంతతివారు దాదాపు 1,20,000 మంది పడమటి తీరం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. చేతులతో మోయగలిగిన సామాను మాత్రమే తెచ్చుకోవాలన్నారు. దుకాణాలు, పడవలు, పొలాలు వచ్చిన ధరకు అమ్ముకున్నారు. శిబిరాలు తయారయ్యే దాకా కొన్ని కుటుంబాలు లాస్ ఏంజెలెస్ దగ్గర సాంటా అనిటా గుర్రప్పందాల మైదానంలో, గుర్రాలను కట్టే కొట్టాల్లో కాపురమున్నాయి. తర్వాత ఎడారుల్లో, బీడు మైదానాల్లో ముళ్ళకంచె మధ్య పది శిబిరాలు లేచాయి. పడమటి తీరం సైన్యాధిపతి జనరల్ డెవిట్ రాసిన సిఫారసులో ఒక వాదన ఉంది: ఇంతవరకు విద్రోహం ఏదీ జరగకపోవడమే, ఇకముందు జరగబోతుందనడానికి గుర్తు. ఏ నవలాకారుడైనా ఇలాంటి వాక్యం రాస్తే అతిశయోక్తి అని సంపాదకులు కొట్టేసేవారు.

ఆ ఉత్తర్వు మీద సంతకం చేసింది ఎవరు? ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. నవలలో ఏ మనిషి ఓడిపోయినందుకు దేశం చీకట్లోకి జారిందో, ఏ మనిషి తిరిగి రావడంతో మళ్ళీ తెల్లవారిందో, ఆ మనిషే. ప్రత్యామ్నాయ చరిత్ర కథలు చెప్పకుండా దాటేసే నిజం ఇక్కడే దొరుకుతుంది. చెడ్డవాడు గెలిస్తేనే చెడు జరుగుతుందన్నది వాటి లెక్క. చరిత్రలో మాత్రం మంచివాడిగా పేరున్న పాలకుడు, సక్రమంగా ఎన్నికైన ప్రభుత్వం, స్వతంత్రంగా పనిచేస్తున్న న్యాయస్థానం అన్నీ ఉండగానే అది జరిగింది. 1944 డిసెంబర్‌లో ఫ్రెడ్ కొరెమట్సు కేసులో సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో ఈ తరలింపును సమర్థించింది. క్షమాపణ, బతికి ఉన్న ఒక్కొక్కరికి 20,000 డాలర్ల పరిహారం రావడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. ఆనాటి తీర్పు తప్పని ప్రధాన న్యాయమూర్తి 2018లో రాశారు. రాసింది కూడా, ప్రధానంగా ముస్లిం దేశాల ప్రయాణికులపై పెట్టిన నిషేధాన్ని సమర్థించిన తీర్పులోనే.

ఈ తరహా సిరీస్‌లు గత పదేళ్ళలో వరసగా రావడం గురించి, వాటి కళాత్మక విలువ గురించి విమర్శకులు చాలానే రాశారు. మా ఆందోళన వేరు. చూసేవాడిలో అవి మిగిల్చే తృప్తి గురించి ఆందోళన. ‘అమ్మయ్య, ఇలా జరగలేదు’ అనుకుని టీవీ కట్టేసే ప్రతి ఇంట్లోనూ ఒక చిన్న అబద్ధం స్థిరపడుతోంది. తెర మీద మనల్ని భయపెట్టిన ప్రతి ముక్కా ఎక్కడో ఒకచోట, ఎవరికో ఒకరికి జరిగిందే. మనకు జరగలేదు కాబట్టి దాన్ని కల్పన అంటున్నాం.

అమెజాన్ 2015 నుంచి 2019 వరకు నాలుగు సీజన్లుగా ఇచ్చిన ‘ది మ్యాన్ ఇన్ ది హై కాజిల్’ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఫిలిప్ కె. డిక్ 1962 నవల దానికి మూలం. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచి అమెరికాను పంచుకున్నాయి. తూర్పు నాజీలది, పడమర జపాన్‌ది, మధ్యన రాకీ పర్వతాల వెంట ఎవరికీ చెందని భూమి. మొదటి భాగంలోనే ఒక దృశ్యముంది. లారీ నడుపుతున్న యువకుడి టైరు పంక్చరవుతుంది. అటుగా వచ్చిన పోలీసు సాయం చేస్తాడు, తన శాండ్‌విచ్ కూడా ఇస్తాడు. అంతలో ఆకాశం నుంచి బూడిద రాలుతుంది. ఏమిటది అని కుర్రాడు అడిగితే, ఆసుపత్రి అంటాడు పోలీసు. మంగళవారాల్లో వికలాంగులను, నయంకాని రోగులను తగలబెడతారట. వాన రాకడ గురించి చెప్పినంత మామూలుగా చెప్పి, ప్రయాణం జాగ్రత్త అని పంపేస్తాడు. అతను దుర్మార్గుడు కాడు. తన తిండి పరాయివాడికి పెట్టాడు కూడా. అందుకే ఆ దృశ్యాన్ని మరచిపోలేం.

నాజీ జర్మనీ నిజంగానే వికలాంగులను చంపింది. 1941 ఆగస్టు నాటికే 70,000 మందిని గ్యాస్ గదుల్లో చంపినట్టు వాళ్ళ సొంత లెక్కలే చెబుతున్నాయి. ఆ ఆలోచన అమెరికాకు పరాయిదా అంటే, కాదు. 1927లో బక్ వర్సెస్ బెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ‘మందబుద్ధులు’ అని ముద్రపడినవారికి బలవంతంగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయవచ్చని 8–1తో తీర్పునిచ్చింది. రాసినవాడు ఆలివర్ వెండెల్ హోమ్స్, అమెరికా న్యాయశాస్త్రంలో మహామహుడు. ముప్పైకి పైగా రాష్ట్రాల్లో 60,000 మందికి పైగా ఆ కత్తి కిందికి వెళ్ళారు. కాలిఫోర్నియా అందరికంటే ముందుంది. హిట్లర్ ప్రభుత్వం 1933లో తెచ్చిన ఇలాంటి చట్టానికి అమెరికాకు చెందిన హ్యారీ లాఫ్లిన్ రాసిన నమూనా చట్టం ఒక ఆధారం. 1936లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. బక్ వర్సెస్ బెల్ తీర్పును సుప్రీంకోర్టు ఈనాటికీ సూటిగా రద్దు చేయలేదు. సిరీస్ చూసిన ప్రేక్షకుడు, నాజీలు గెలిచి ఉంటే అమెరికాలో ఈ ఘోరాలు జరిగేవి అనుకుంటాడు. వాటిలో ఒక పాయ అమెరికా నుంచే అటు ప్రవహించిందని ఏ పాత్రా చెప్పదు. మనమూ పొరుగువాడి ఇంటికేసి చూసి నవ్వుకోనక్కరలేదు. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976–77 ఒక్క ఏడాదిలోనే, మన దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో ఎన్ని ఇష్టపడి చేయించుకున్నవో ఆనాటి పల్లెలకు బాగా తెలుసు.

‘హై కాజిల్’లో బాగా పండిన పాత్ర జాన్ స్మిత్. రూఫస్ సీవెల్ నటించాడు. ఒకప్పటి అమెరికా సైనికాధికారి. యుద్ధం ఓడాక, ఇంట్లో భార్యకు, పసిబిడ్డకు తిండి లేని రోజుల్లో, కొత్త ప్రభువుల యూనిఫాం తొడుక్కుంటాడు. తర్వాత ఆ యూనిఫాం అతన్ని ఎంత పైకి తీసుకెళ్ళాలో అంత పైకి తీసుకెళుతుంది. పెద్దకొడుకు థామస్‌కు వంశపారంపర్యంగా వచ్చే కండరాల జబ్బు ఉందని బయటపడుతుంది. తండ్రి అమలుచేస్తున్న చట్టం ప్రకారం ఆ పిల్లాడు బతకకూడదు. తండ్రి డాక్టరును చంపి నిజం దాచేస్తాడు. కొడుకు మాత్రం బడిలో నేర్చుకున్న పాఠం తండ్రి కంటే బాగా నమ్మాడు. తనంతట తాను వెళ్ళి ఆరోగ్యశాఖ వాళ్ళకు లొంగిపోతాడు. ఒక తరం రాజీపడితే తర్వాతి తరం నమ్ముతుందన్న సంగతిని ఇంతకంటే కఠినంగా చెప్పిన టీవీ కథ ఈ మధ్యకాలంలో మాకు కనపడలేదు.

అదే సిరీస్ మరో పని కూడా చేసింది. 2015 నవంబర్‌లో ప్రచారం కోసం అమెజాన్ న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్, గ్రాండ్ సెంట్రల్ మధ్య తిరిగే మెట్రో రైలు సీట్లకు నాజీ గద్దను కలిపిన అమెరికా జెండా, సామ్రాజ్య జపాన్ ఉదయసూర్యుడి గుర్తు ఉన్న తొడుగులు వేయించింది. జనం మండిపడ్డారు. మేయర్ బిల్ డి బ్లాసియో తీసేయమన్నాడు. తీసేశారు. ఆ కంపెనీలో ప్రకటనల చిత్రాలు ఆమోదించినవారిలో ఒక్కరికైనా, ఆ సీటు మీద కూర్చోబోయే ముసలమ్మ చేతి మీద నాజీ శిబిరం నంబరు పచ్చబొట్టు ఉండవచ్చన్న ఆలోచన రాలేదు. యూనిఫాం కుట్టు, గద్ద రెక్కల విరుపు, ఎర్రజెండాల వరస ఇవన్నీ కెమెరాకు అందంగా కనిపిస్తాయి. చెడును చూపించి హెచ్చరించాలనుకున్న కళ, దాని అలంకారాన్ని అమ్మే దుకాణంగా మారడానికి పెద్ద దూరం లేదు. స్మిత్ పాత్రకు పోగైన అభిమానుల్లో అందరూ అతని పతనాన్ని చూడడానికే వచ్చారని నమ్మడం కష్టం.

బ్రిటన్‌లోనూ ఇదే తంతు. బీబీసీ 2017లో లెన్ డైటన్ నవల ఆధారంగా ‘ఎస్ఎస్-జీబీ’ తీసింది. జర్మనీ లండన్‌ను ఆక్రమించుకుంటే, స్కాట్లండ్ యార్డ్ డిటెక్టివ్ కొత్త అధికారుల కింద పనిచేస్తూనే ఉంటాడు. ఊహించలేని సంగతేమీ కాదు. 1940 నుంచి 1945 దాకా బ్రిటన్ రాజరికం కింది జెర్సీ, గెర్న్సీ దీవులు నిజంగానే జర్మన్ల ఆక్రమణలో ఉన్నాయి. స్థానిక పోలీసులు అదే యూనిఫాంలో విధులు చేశారు. స్థానిక అధికారులు యూదుల పేర్లు నమోదు చేసి ఇచ్చారు. గెర్న్సీ నుంచి ముగ్గురు యూదు స్త్రీలు 1942లో ఆష్విట్జ్‌కు చేరి తిరిగి రాలేదు. మేమైతే ఎదిరించేవాళ్ళమని చెప్పుకునే దేశానికి ఆ ముగ్గురి సంగతి చాలాకాలం గుర్తుచేయకూడని విషయంగానే మిగిలింది.

ఎవరికి కల్పన, ఎవరికి దినచర్య అన్న ప్రశ్న బాహాటంగా పేలింది 2017 జూలైలో. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రూపకర్తలతో ‘కాన్ఫెడరేట్’ తీస్తామని హెచ్‌బీఓ ప్రకటించింది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది విడిపోయి, బానిసత్వం ఈనాటికీ చట్టబద్ధంగా నడుస్తుంటే ఎలా ఉంటుందన్నది కథ. నల్లజాతివారు తిరగబడ్డారు. ట్విట్టర్‌లో పెద్ద ప్రచారం నడిచింది. దక్షిణాది ఓడిపోయిందని ఎవరన్నారన్నది వాళ్ళ వాదన సారాంశం. ప్రకటన వచ్చి నెల తిరగకముందే, ఆగస్టులో, వర్జీనియాలోని చార్లెట్స్‌విల్‌లో కాగడాలు పట్టుకున్న గుంపులు కాన్ఫెడరేట్ జెండాలతో, స్వస్తిక జెండాలతో కవాతు చేశాయి. ఒక మహిళ కారు కింద నలిగి చనిపోయింది. ఆ సిరీస్ చివరికి తెరకెక్కలేదు. బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ రాజ్యాంగ సవరణలోనే ‘నేరానికి శిక్షగా తప్ప’ అన్న మినహాయింపు ఉంది. లూసియానాలో ఒకప్పటి బానిసల తోట మీద లేచిన అంగోలా జైలులో, అత్యధికులు నల్లజాతివారైన ఖైదీలు పొలం పని చేస్తున్నారు. గుర్రాల మీద కాపలావాళ్ళు ఉంటారు. దాన్ని ఫొటో తీసి, సంవత్సరం చెప్పమని అడిగితే చాలామంది తడబడతారు.

చీకటి కథలే కాదు, వెలుగు కథలూ ఇదే పద్దులోకి వస్తాయి. ఆపిల్ సంస్థ 2019లో మొదలుపెట్టిన ‘ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్’లో సోవియట్ యూనియన్ ముందుగా చంద్రుడి మీద కాలు మోపుతుంది. పోటీ ఆగదు, కాబట్టి అమెరికా తన మహిళలను కూడా తొందరగా అక్కడికి పంపుతుంది. చూడ్డానికి హాయిగా ఉంటుంది. 1961 నాటికి వ్యోమగాముల వైద్య పరీక్షలు నెగ్గిన 13 మంది మహిళలు నిజంగానే ఉన్నారు. 1962లో వాళ్ళ మొర అమెరికా కాంగ్రెస్ విన్నది. పంపలేదు. ఆ దేశపు తొలి మహిళగా శాలీ రైడ్ 1983లో అంతరిక్షంలోకి వెళ్ళింది. చంద్రుడి నేల మీద ఏ మహిళా ఇంతవరకు కాలు పెట్టలేదు. ఇవ్వాల్సిన అవకాశం ఇవ్వకుండా, ఇచ్చినట్టు కథ తీసి చూపించడం ఒక ఊరడింపు. దోషం కథది కాదు, దానితో సరిపెట్టుకున్నవారిది.

తెలుగు పాఠకులకు ఇదంతా దూరపు వ్యవహారం అనిపించవచ్చు. లెవిన్ కుటుంబం కాపురమున్న నెవార్క్ నుంచి కారులో కాసేపు వెళితే ఎడిసన్ వస్తుంది. మన ఊళ్ళ నుంచి వెళ్ళిన ఎన్నో కుటుంబాలు ఇప్పుడు అక్కడే స్థిరపడ్డాయి. 1923 ఫిబ్రవరి 19న, అంటే జపాన్ సంతతివారి తరలింపు ఉత్తర్వుకు సరిగ్గా 19 ఏళ్ళ ముందు అదే తేదీన, అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ‘తెల్లవారు’ కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. థింద్ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి దాన్ని వెనక్కి తీసుకునే పని మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకుంటున్న వైష్ణోదాస్ బగాయ్ పౌరసత్వం, దానితో పాటు ఆస్తిహక్కు పోగొట్టుకుని 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దేశపు గడపలు భారతీయులకు బాగా తెరుచుకున్నది 1965 చట్టం తర్వాతే. తెరిచింది చట్టమైతే మూయగలిగేదీ చట్టమే. 2017 ఫిబ్రవరిలో కేన్సస్ రాష్ట్రం ఓలేతాలో, సాయంత్రం పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న ఒక హైదరాబాద్ ఇంజనీరును, మా దేశం వదిలి పొమ్మని అరిచి ఒకడు కాల్చి చంపాడు. ఈ మధ్య వీసాల మీద నడుస్తున్న గొడవల్లో వినపడే మాటలు, ఆ సిరీస్‌లో హెర్మన్ లెవిన్ రేడియోలో విన్న మాటలకు దగ్గరగానే ఉన్నాయి. అయినా మనవాళ్ళలో కొందరు, వాళ్ళు అంటున్నది మనల్ని కాదు, ఇంకెవరినో అని సర్దిచెప్పుకుంటున్నారు. ఆ రబ్బీ కూడా అదే అనుకున్నాడు.

ప్రత్యామ్నాయ చరిత్ర మన ప్రేక్షకుడికి తెలియనిదీ కాదు. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ అదే కోవది. బతుకులో ఏనాడూ కలిసినట్టు ఆధారం లేని అల్లూరి సీతారామరాజును, కొమరం భీమ్‌ను కలిపి, ఇద్దరి చేతా బ్రిటిష్ గవర్నర్‌ను ఓడించింది. కల్పన అని ముందే చెప్పుకున్నారు, అది నిజాయితీయే. అసలు చరిత్రలో 1924లో అల్లూరిని కాల్చి చంపారు. 1940లో జోడేఘాట్‌లో భీమ్ నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఇద్దరి పోరాటానికీ మూలం అడవి: పోడు మీద ఆంక్షలు, పశువులను మేపుకోనివ్వని నిబంధనలు, అటవీ సిబ్బంది దోపిడీ. తెర మీద ఆ అడవి తగాదా తప్పుకుని పరాయి దొర ఒక్కడే దుర్మార్గుడుగా మిగిలాడు. దొర వెళ్ళిపోయాడు కాబట్టి ప్రేక్షకుడికి చిక్కేమీ లేదు. పోడు పట్టాల తగాదా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈనాటికీ తీరలేదు. అమెరికావాళ్ళ ప్రత్యామ్నాయ చరిత్ర ప్రేక్షకుడిని కాసేపైనా కుర్చీలో ఇబ్బందిపెడుతుంది. మనది ఈల వేయిస్తుంది.

అసలు ప్రమాదం ఇంకా ముందుంది. సిరీస్ తీసినవారు పేరు దగ్గరే కల్పన అని ఒప్పుకుంటారు. ఒప్పుకోని ప్రత్యామ్నాయ చరిత్ర ప్రతి పొద్దునా మన చేతిలోని ఫోన్‌కు వస్తోంది. ఫలానా నాయకుడు ప్రధాని అయి ఉంటే, ఫలానా యుద్ధం ఇంకో రెండు రోజులు సాగి ఉంటే, ఫలానావారు ఈ దేశానికి రాకపోయి ఉంటే అన్న వాక్యాలు వాట్సాప్‌లో కొన్నాళ్ళకు ‘ఉంటే’ను రాల్చేసుకుని వాస్తవాలుగా తిరుగుతున్నాయి. ‘హై కాజిల్’ మూడో సీజన్‌లో నాజీలు అమెరికా గతాన్ని తుడిచేసి ఏడాది లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టాలని పూనుకుంటారు. స్వేచ్ఛాదేవి విగ్రహాన్ని కూల్చేస్తారు. మన దేశంలో విగ్రహం కూల్చనక్కరలేకపోయింది. ఎన్‌సీఈఆర్‌టీ భారం తగ్గింపు పేరిట 12వ తరగతి చరిత్రలో మొఘల్ దర్బారుల అధ్యాయాన్ని, ఇతర పుస్తకాల్లో 2002 గుజరాత్ అల్లర్ల ప్రస్తావనలను, గాంధీ హత్యానంతర పరిణామాల మీద కొన్ని వాక్యాలను తొలగించింది. ఏ పార్టీకి లాభమన్నది వేరే చర్చ. తెలియని గతాన్ని ఎలాగైనా మార్చి చెప్పవచ్చు, అభ్యంతరం చెప్పేవాడు ఉండడు. పాఠం తీసేసిన చోట ఫార్వర్డ్ మెసేజి వచ్చి కూర్చుంటుంది.

రాత్ నవల చివర్లో రూజ్‌వెల్ట్ తిరిగొస్తాడు, చరిత్ర మళ్ళీ మనకు తెలిసిన పట్టాల మీదికి ఎక్కుతుంది. డేవిడ్ సైమన్ ఆ ఊరట ఇవ్వలేదు. సిరీస్ ముగింపులో ఓటింగ్ యంత్రాలను ఎవరో ఎత్తుకుపోతుంటారు, ఎక్కడో బ్యాలెట్లు తగలబడుతుంటాయి, లెవిన్ కుటుంబం రేడియో ముందు ఫలితాల కోసం కూర్చుని ఉంటుంది. ఇది 2020 ఏప్రిల్‌లో ప్రసారమైంది. 2021 జనవరి 6న అధ్యక్ష ఎన్నిక ఫలితాన్ని ఒప్పుకోని గుంపు వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనంలోకి చొరబడింది. సైమన్ జోస్యం చెప్పాడని అభిమానులు మురిశారు. జోస్యం కాదది. దేశంలో ఉన్న పగుళ్ళను చూసి చెప్పిన మాట.

చూడడం వేరు, లెక్క తేల్చుకోవడం వేరు. ఈ తేడాను టల్సా నగరం కంటే బాగా చెప్పే ఉదాహరణ లేదు. 2019 అక్టోబర్‌లో హెచ్‌బీఓ ‘వాచ్‌మెన్’ మొదటి భాగం ప్రసారమైంది. ముసుగు పోలీసులు, ఆకాశం నుంచి రాలే చిన్న చిన్న సముద్రజీవులు, వియత్నాం అమెరికా రాష్ట్రమైపోయిన ప్రపంచం, ఇలా అంతా అతి విచిత్రమైన ప్రత్యామ్నాయ చరిత్ర. అది మొదలయ్యేది ఓ నల్లజాతి పేటను తెల్లవారు తగలబెట్టే దృశ్యంతో. ఇళ్ళు, దుకాణాలు, సినిమాహాలు కాలిపోతాయి, పైనుంచి విమానాలు దాడిచేస్తాయి, ఒక పిల్లాడిని బండిలో దాచి పంపేస్తారు. ఈ దృశ్యాన్ని కూడా రచయితల ఊహే అనుకున్న అమెరికన్లు ఎందరో. ఇంటర్నెట్‌లో వెతికాక, ఆ సిరీస్ మొత్తంలో అక్షరాలా జరిగిన సంఘటన అదేనని తెలిసి నివ్వెరపోయామని చెప్పుకున్నారు. 1921 మే 31, జూన్ 1 తేదీల్లో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలోని గ్రీన్‌వుడ్ పేట అలాగే కాలింది. 35 వీధుల మేర నేలమట్టమైంది, 1,200కు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి, చనిపోయినవారు 300 దాకా ఉండవచ్చని చరిత్రకారుల అంచనా. ఆ నేరానికి ఒక్కరికీ శిక్ష పడలేదు. దశాబ్దాల తరబడి ఆ రాష్ట్రపు బడిపిల్లలకు దాని ఊసే చెప్పలేదు. పరిహారం ఇవ్వాలని రాష్ట్రమే నియమించిన సంఘం 2001లో సిఫారసు చేసింది. ఆ సిఫారసు అలాగే ఉండిపోయింది.

2020లో ‘వాచ్‌మెన్’కు 11 ఎమ్మీ అవార్డులు వచ్చాయి. 2021 మే నెలలో, ఊచకోతకు నూరేళ్ళు నిండే మూడు వారాల ముందు, బడుల్లో జాతి గురించి చెప్పే పాఠాలకు హద్దులు పెట్టే చట్టం మీద ఓక్లహోమా గవర్నర్ కెవిన్ స్టిట్ సంతకం చేశాడు. స్మారక ఉత్సవాల సంఘం నుంచి ఆయన పేరు తొలగించారు, చట్టం మాత్రం ఉంది. 2024 జూన్‌లో, ఆనాటి మంటల్లో నుంచి బతికి బయటపడి నూరేళ్ళు దాటిన ఇద్దరు వృద్ధురాళ్ళు పరిహారం కోరుతూ నడుపుతున్న కేసును ఓక్లహోమా సుప్రీంకోర్టు కొట్టేసింది.